కిటికీకి కనపడని బెంచీ

తడి బట్టలు దులిపి తీగ మీద ఆరేస్తుంటే మా ఆయన పెరట్లోకి వచ్చి, "ఈ మూల ఎండ ఎన్నింటి దాకా ఉంటుంది?" అని అడిగాడు.

నా చేతిలో దుప్పటి సగం తీగ మీద, సగం భుజం మీద ఉండిపోయింది. పెళ్లయిన ఈ పంతొమ్మిదేళ్లలో ఆయన పెరట్లోకి రావడమంటే కారు తీయడానికో, కారు పెట్టడానికో, ఫోన్లో ఎవరినైనా గట్టిగా కేకలెయ్యడానికో. ఎండ ఎక్కడ పడుతుందో, నీడ ఎటు జరుగుతుందో ఆయనకెప్పుడూ పట్టలేదు. ఎండ కాస్తే చొక్కా ఆరుతుంది, కాయకపోతే "ఇంకా చెమ్మగానే ఉందేంటి ఇది" అంటాడు. ఆయనకీ సూర్యుడికీ ఉన్న సంబంధం అంతవరకే.

"పదకొండున్నర దాకా. తరవాత పక్కింటి గోడ నీడ వచ్చేస్తుంది" అన్నాను.

"మరి ఎండ తక్కువున్న చోట ఏ మొక్కలు బతుకుతాయి?"

"ఎందుకు?"

"ఊరికే. ఏం, అడక్కూడదా?"

మా ఇంట్లో ఊరికే అన్న మాట ఎప్పుడూ ఊరికే రాదు. పెళ్లయిన కొత్తలో ఊరికే నా సర్టిఫికెట్లు ఒకసారి చూపించమన్నాడు. నెల తిరక్కుండా వాళ్లన్నయ్య స్నేహితుడి డయాగ్నస్టిక్ ల్యాబులో రక్తం తీసి పరీక్షలు చేసే ఉద్యోగంలో చేర్పించాడు. అమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు, ఎన్నాళ్లుంటుందని ఊరికే అడిగాడు. మర్నాడు సాయంత్రం అమ్మ తిరుగు ప్రయాణానికి టికెట్టు చేతిలో పెట్టాడు. అందుకే ఆ రోజు దుప్పటి సరిచేస్తున్నంతసేపూ నా మనసు ఆ ఒక్క మాట చుట్టే తిరిగింది. పెరట్లో ఎండ గురించి ఈయనకెందుకు? ఇల్లు అమ్మేస్తున్నాడా? కొనేవాళ్లెవరో అడిగారా? లేకపోతే ఇంకో గది వేయించి, వాళ్లన్నయ్య సామానంతా తెచ్చి పడేస్తాడా?

మా పెరడు పొడవు పద్దెనిమిది అడుగులు, వెడల్పు పన్నెండు. వెనక సందులోకి గేటు. మేం ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు అదంతా మట్టే. ఒక నిమ్మ మొక్క కూడా ఉండేది. నేను గర్భంతో ఉన్న రోజుల్లో, పుట్టింటి నుంచి తిరిగొచ్చేసరికి నిమ్మ మొక్క లేదు, మట్టీ లేదు. గోడ నుంచి గోడ దాకా నున్నటి సిమెంటు. దాని మీద మా ఆయన కొత్తగా కొన్న పాత కారు. "మట్టి ఉంటే పురుగూ పుట్రా వస్తాయి. పసిబిడ్డ తిరగబోయే ఇల్లు" అన్నాడు. పసిబిడ్డ పేరు చెప్పేసరికి నేనింకేం మాట్లాడతాను? కారుకీ, అది తిప్పుకునే చోటుకీ, కుళాయికీ పోగా నాకు మిగిలింది గోడవారగా మూరెడు జాగా. అక్కడ పది కుండీలు. అదీ నా తోట.

కానీ కాగితం మీద నాకు మరో పెరడు ఉంది. ల్యాబులో తప్పు పడి పారేసే రిపోర్టు కాగితాలు ఇంటికి తెచ్చుకుని, వాటి వెనక పెన్సిలుతో గీసుకునేదాన్ని. మొదట్లో ఊసుపోక గీశాను. తరవాత నిజంగానే పిచ్చి పట్టింది. చిన్న చోటులో దారి తిన్నగా వేస్తే నాలుగు అడుగుల్లో అయిపోతుంది. అదే ఒక మూల నుంచి ఇంకో మూలకి కాస్త వంపు తిప్పి వేస్తే, నడిచేవాళ్లకి అవతల ఇంకా ఏదో ఉందనిపిస్తుంది. మొక్కలన్నీ తెచ్చి గోడకి ఆనించి వరసగా పెడితే మధ్యలో మిగిలేది తోట కాదు, ఖాళీ. నేల చాలనప్పుడు గోడనే నేల అనుకుని తీగలు పైకి పాకించాలి. ముదురాకుపచ్చవి వెనకా, లేతవి ముందూ పెడితే గోడ దూరం జరిగినట్టుంటుంది. వాన నీళ్లు ఇంటి పునాది వైపు కాకుండా మొక్కల పాదుల్లోకి పోయేలా నేల వాలు ఉండాలి. ఇవన్నీ నాకెవరూ నేర్పలేదు. బస్సులో వెళ్తూ ఇళ్ల వెనకభాగాలు చూసి, పాత పత్రికలు తిరగేసి, ఎక్కడ నీడ పడుతుందో ఏళ్ల తరబడి గమనించి తెలుసుకున్నాను.

ఒకసారి ధైర్యం చేసి ఆ కాగితాలు మా ఆయనకి చూపించాను. ఆయన భోంచేస్తున్నాడు. ఎడం చేత్తో ఒక కాగితం తీసుకుని వాళ్లమ్మ వైపు తిప్పి, "చూశావా అమ్మా, కోడలు మహారాణి ఉద్యానవనం వేయిస్తోంది. మనం గేటు దగ్గర టికెట్లు చింపుకుని బతకొచ్చు" అన్నాడు. అత్తయ్య నవ్వితే పొలమారింది. ఆవిడకి నీళ్లిచ్చి, కాగితాలు తీసుకెళ్లి దుప్పట్ల అలమరలో అడుగున పెట్టుకున్నాను. అది జరిగి ఆరేళ్లు.

ఇప్పుడు ఆ మనిషే ఎండ గురించి అడుగుతున్నాడు.

ఆ ఒక్క రోజుతో ఆగలేదు. రెండ్రోజుల తరవాత అద్దం ముందు తల దువ్వుకుంటూ, "గోడకి తీగ పాకిస్తే గోడ పాడవదా?" అన్నాడు. గోడకీ తీగకీ మధ్య జానెడు ఎడంగా చెక్క చట్రం పెట్టుకోవాలని చెప్పాను. దువ్వెన పక్కన పెట్టి ఫోన్లో ఏదో రాసుకున్నాడు. పంతొమ్మిదేళ్లలో నేను చెప్పిన మాటల్లో ఆయన రాసుకున్నది అదొక్కటే. ఆ వారంలోనే నా కుట్టుపెట్టెలో టేపు కనపడలేదు, తరవాత ఆయన కారులో దొరికింది. అలమరలో కాగితాలు నేను పెట్టిన వరసలో లేవు. ఒకటి తలకిందులుగా ఉంది. వరసగా మూడు ఆదివారాలు, "ఆఫీసులో ఆడిట్, మేనేజర్ రమ్మంది" అని పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నానికి చెమటలు కక్కుతూ వచ్చాడు. నాలుగో ఆదివారం ఆయన ప్యాంటు నానబెట్టబోతూ అడుగు మడత విప్పితే గుప్పెడు ఎర్రమట్టి రాలింది. ఆయన పనిచేసే ఇన్సూరెన్సు ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. మూడో అంతస్తులో ఎర్రమట్టి ఎక్కడిది?

మేనేజర్ ఆడమనిషి. అత్తయ్య ఆవిడని మేనేజరమ్మ అంటుంది. ఏడాదిలో రిటైరవుతుందని, ఆ కుర్చీ కోసం మా ఆయనతో కలిపి ముగ్గురు పోటీలో ఉన్నారని తెలుసు. నాకు తెలియనిది, ఆదివారం పొద్దున్న ఆవిడ దగ్గర మట్టిలో ఏం పని అన్నది.

ఇంకో సంగతి కూడా నన్ను తొలిచేస్తోంది. మా అమ్మాయీ ఆయనా ఏదో మాట్లాడుకుంటూ, నేను గదిలోకి వెళ్లగానే ఠక్కున ఆపేస్తున్నారు. పిల్ల కాలేజీలో రెండో ఏడాది. కంప్యూటరు ముందు కూర్చుని ఉంటే, నేను కాఫీ పట్టుకెళ్లేసరికి తెర మీద బొమ్మ మార్చేసింది. "ఏంటే అది?" అంటే, "అబ్బా, నీకెందుకమ్మా" అని నవ్వింది. భర్తని అనుమానించడం ఒక ఎత్తు. కడుపున పుట్టిన పిల్లని కూడా అనుమానించడం మొదలుపెడితే మనిషికి ఇంట్లో నిలబడే చోటుండదు.

అత్తయ్య నన్ను కనిపెట్టేసింది. "మొగాడు పెరట్లోకి రాకపోతే పట్టించుకోడంటావు. వస్తే ఎందుకొచ్చాడంటావు. నీతో ఎలా వేగాలమ్మా వాడు?" అంది బఠాణీలు ఒలుస్తూ.

ఆయన జేబులు వెతికాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ వెతికాను. ల్యాబులో నేను కనపడని నరాన్ని వేలికొనతో వెతికి పట్టుకుంటానని పేరు. ఎంత బొద్దుగా ఉన్న చెయ్యయినా రెండోసారి పొడవను. ఆ వేళ్లతోనే మా ఆయన చొక్కాలు తడిమాను. ఒక జేబులో నర్సరీ చీటీ దొరికింది. అందులో మొక్కల పేర్లున్నాయి. అవన్నీ నా మొక్కలు. మూడు నీడ తీగలు, వెనక్కి ముదురాకులవి ఐదు, ముందుకి లేతవి ఎనిమిది. నా కాగితంలో రాసుకున్న లెక్క ప్రకారం, ఒక్కటి తేడా లేకుండా.

అప్పుడు నా అనుమానమంతా ఒక్క క్షణంలో కూలిపోయింది. ఎంత పిచ్చిదాన్ని! ఈయన నాకోసం పెరడు వేయిస్తున్నాడు. పిల్లకి తెలుసు, అందుకే నవ్వింది. ఆదివారాలు మొక్కలు వెతకడానికి వెళ్తున్నాడు. మట్టి నర్సరీలో అంటుకుంది. నేనేమో ఆయన్ని మేనేజరమ్మతో కలిపి ఏవేవో ఊహించుకున్నాను! ఆ సాయంత్రం ఆయనకిష్టమైన కూర చేశాను. ఆయన చొక్కాకి ఊడిన బొత్తాం ఎప్పటినుంచో కుట్టాలనుకుంటున్నది కుట్టాను. తింటూ ఆయన, "ఏంటి విశేషం?" అంటే, "ఊరికే" అన్నాను. జీవితంలో నేనంత సంతోషంగా ఊరికే అనడం అదే మొదలు. ఆ పది రోజుల సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పదో రోజున, "ఆదివారం మేడమ్ టీకి పిలిచింది. కొత్తిల్లు చూపిస్తుందట. నిన్ను కూడా తీసుకురమ్మంది. నీకు ల్యాబులో సెలవు దొరకదుగా, చెప్పేస్తాలే" అన్నాడు.

"ఆదివారం ల్యాబు లేదుగా."

"అలసిపోయి ఉంటావని" అన్నాడు.

నేను అలసిపోతానని ఆయనకి తట్టడం కూడా అదే మొదలు. అనుమానం మళ్లీ తోక ఆడించింది. "వస్తాను" అన్నాను.

మేనేజరమ్మ పొట్టి జుట్టు మనిషి. గొంతు గట్టిది. ఇంట్లో ఒక్కతే. గదులన్నీ గబగబా చూపించేసి, "అసలు చూడాల్సింది ఇక్కడ కాదండీ, రండి" అంటూ వంటింటి వెనక తలుపు తీసింది.

గుమ్మం దాటి నేను నా కాగితంలోకి అడుగుపెట్టాను.

అదే వంపు. మూల నుంచి మూలకి తిరిగి, తీగల వెనక మాయమైపోయే దారి. గోడకి జానెడు ఎడంగా చెక్క చట్రం. వెనక ముదురాకులు ఐదు, ముందు లేతవి ఎనిమిది. నేల ఇంటి నుంచి పాదుల వైపు వాలు. ఆవిడ పెరడు కూడా ఇంచుమించు మా పెరడంతే ఉంది. ఇన్నేళ్లూ నేను రెండు వేళ్లతో నడిచిన దారిలో చెప్పులేసుకుని నడిచాను. దారి మధ్యలో ఒకచోట రెండడుగుల గుండ్రటి ఖాళీ, అందులో పోసిన తెల్లటి గులకరాళ్లు కనపడ్డాయి. దాని ముందు నా కాళ్లు ఆగిపోయాయి. మా పెరట్లో ఆ చోట మురుగు గుంట మూత ఉంటుంది. దాని మీద మొక్క పెట్టకూడదు కనక కాగితం మీద సున్నా చుట్టి వదిలేశాను. ఇక్కడ మురుగు గుంట లేదు. అయినా సున్నా ఉంది. ఆ సున్నాకి గులకరాళ్లతో అలంకారం కూడా చేశారు.

"మీవారిలో ఇంత కళ ఉందని ఆఫీసులో ఒక్కళ్లకీ తెలీదండీ" అంటోంది మేనేజరమ్మ. "ఇల్లు మారానని చెప్పగానే, పెరడు సంగతి నాకొదిలేయండి మేడమ్ అన్నారు. వారంలో ప్లాను గీసి తెచ్చారు. ఎన్నాళ్ల నుంచో తోటలంటే ప్రాణమటగా?"

మా ఆయన నా వైపు చూడలేదు. గులకరాయి ఒకటి బూటుతో సరిచేస్తున్నాడు. "ఏదో మేడమ్, చిన్నప్పటి నుంచీ సరదా" అన్నాడు.

ఇంకొకావిడతో తిరుగుతున్నాడేమో అని జేబులు వెతికిన మనిషిని. అదే నిజమైతే ఏడవడానికి నాకు ఒక దారి తెలుసు, ఆడవాళ్లంతా నడిచిన దారే. దీనికి ఎలా ఏడవాలో తెలియలేదు.

మేనేజరమ్మ టీ కప్పులు తెచ్చి దారి చివరికి నడిపించింది. తీగల చట్రం వెనక బెంచీ ఉంది.

"అన్నీ బాగున్నాయి కానీ, ఈ బెంచీ ఒక్కటే నాకు అర్థం కాలేదండీ" అంది మా ఆయనతో. "ఇంటికి వీపు పెట్టి, చాటుగా వేశారు. ఇక్కడ కూర్చుంటే బెల్లు వినపడదు, ఎవరొచ్చారో కనపడదు. మొన్న పాలవాడు కొట్టి కొట్టి వెళ్లిపోయాడు. ఎందుకిలా పెట్టించారు?"

మా ఆయన నీళ్లు నమిలాడు. "అదీ... ఏకాంతం కోసం మేడమ్. ప్రకృతి ఒళ్లో..."

"ఏకాంతం నాకు ఇంట్లోనే కావలసినంత ఉంది బాబూ" అని నవ్విందావిడ.

"వంటింటి కిటికీలోంచి కనపడకుండా ఉండటానికండీ" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఇద్దరూ నా వైపు తిరిగారు.

"కనపడితే పిలుస్తారు కదండీ. టీ ఎక్కడంటారు, నా టవలేదంటారు. పిలిచినవాళ్ల తప్పు కూడా కాదది, ఎదురుగా కనపడుతుంటే పిలవాలనిపిస్తుంది. అందుకని కిటికీలో ఏ మూల నుంచి చూసినా కంటికి ఆనకుండా దారం కట్టి చూసి, అక్కడ గీశాను. రోజుకి అరగంట చాలనుకున్నాను."

మేనేజరమ్మ కప్పు బెంచీ మీద పెట్టింది. "మీరు గీశారా?"

"ఆరేళ్ల కిందట."

ఆవిడ మా ఆయన వైపు చూడలేదు. చూడకపోవడమే గట్టిగా తెలిసింది. కాసేపటికి వెనక్కి నడిచి, గులకరాళ్ల దగ్గర ఆగి, "మరి ఇదేంటి?" అంది.

"మా మురుగు గుంట మూత."

మేనేజరమ్మ పెద్దగా నవ్వడం మొదలుపెట్టి, నా మొహం చూసి మధ్యలో ఆపేసింది.

కారు సందు మలుపు తిరిగేదాకా మా ఆయన ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. సిగ్నల్ దగ్గర ఆగాక అందుకున్నాడు.

"కడుపు చల్లబడిందా? పరువు గంగలో కలిపేశావుగా."

"నా కాగితాలు ఎందుకు తీశారు?"

"ఏం, అమ్ముకున్నానా? దుప్పట్ల కింద చెదలు పట్టేవాటికి ఒక రూపం తెప్పించాను. సంతోషించాలి నువ్వు. ఆ కుర్చీ వస్తే ఎవరికి? నాకొక్కడికేనా? మనకి కాదూ?" సిగ్నల్ మారింది, వెనక కార్ల హారన్లు. ఆయనకి అవి వినపడలేదు. "పోనీ నువ్వే గీశానన్నావు, సరే. మురుగు గుంట అనాలా? మేడమ్ ముందు? ఆ మాట అనకుండా ఉండలేకపోయావా?"

ఆయన బాధంతా మురుగు గుంట దగ్గర ఆగిపోయిందని అప్పుడర్థమైంది. ఆయన నోట వచ్చిన ఆ 'మనం' గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. బట్టలకి, గిన్నెలకి, వాళ్లమ్మ మందులకి నేను. కుర్చీ వచ్చేటప్పుడు మనం. ల్యాబులోనూ ఇంతే. స్లయిడు చూసి, ఏదో తేడా ఉందని పట్టుకునేది నేను. రిపోర్టు కింద సంతకం డాక్టరుగారిది. అక్కడ అది పద్ధతి, ఉద్యోగంలో చేరేటప్పుడే చెప్పారు. ఇక్కడ ఎవరూ చెప్పలేదు.

ఇంటికి రాగానే అమ్మాయిని పిలిచి అడిగాను. పిల్ల తెల్లబోయింది. "నాన్న నీకు సర్‌ప్రైజ్ అన్నాడమ్మా. మన పెరడే అన్నాడు. నీ గీతలన్నీ నేనే కంప్యూటర్లో ఎక్కించి రంగులేశాను. కింద మూలలో 'అమ్మ పెరడు' అని కూడా రాశాను." అంతవరకు చెప్పి ఆగిపోయింది. "పనివాళ్లకి కొలతలు చాలు, అది అక్కర్లేదు చెరిపెయ్యమన్నాడు. చెరిపేశాను."

తండ్రి గది తలుపు వైపు అది చూసిన చూపు నాకు నచ్చలేదు. ఇరవై ఏళ్లు నిండని పిల్ల కళ్లలో నా అనుమానం అప్పుడే వచ్చి కూర్చుంది. దగ్గరికి తీసుకుంటే, "నేను అడగాల్సింది, నాకెందుకు తట్టలేదు?" అని వెక్కిళ్లు పెట్టింది.

మర్నాడు అత్తయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కొడుకు తరఫున మాట్లాడుతుందనుకున్నాను. అలాగే మొదలుపెట్టింది. "ఆలుమగల మధ్య నీ గీత, నా గీత ఏంటమ్మా? మీ మామగారు క్లబ్బులో పాటలు పాడేవారు తెలుసుగా. అందరూ మెచ్చుకునేవారు, ఎంత బాగా రాశారండీ అని. అవన్నీ నేను రాసిచ్చినవే. ఒక్కరోజైనా బయటపెట్టానా?"

ఈ ఇంట్లో ఇన్నేళ్లుగా ఆ పాటల నోటుబుక్కు మామగారి ఫోటో కింద భద్రంగా ఉంది. మామగారి చేతిరాత అనుకుంటూ నెలకోసారి దాని దుమ్ము దులిపేది నేనే.

"ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"ఎవరైనా అడిగితేగా" అందావిడ. అని, ఏం మాట్లాడబోయి వచ్చిందో మరిచిపోయినట్టు, చాలాసేపు తన వేళ్లు చూసుకుంటూ కూర్చుంది. తరవాత నాకు నీతులు చెప్పడం మానేసింది.

గురువారం మేనేజరమ్మ ల్యాబుకి వచ్చింది. రక్తపరీక్ష కోసమే వచ్చానంది, కానీ వాళ్లింటికి దగ్గర్లో రెండు ల్యాబులున్నాయని నాకు తెలుసు. ఆవిడ చేతికి పట్టీ కడుతూ, జాలి పడి వచ్చిందా, లేక మా ఆయన మీద ఏదైనా పితూరీ కావాలా అని లోపల లెక్కలు వేసుకుంటున్నాను. సూది దించాక ఆవిడ మొహం అటు తిప్పుకుని, "ఆదివారం ఒకసారి వస్తారా?" అంది. "ఆ పెరడు మీ అవసరానికి గీసుకున్నది. నాకది సరిపోదు. నా సంగతులు అడిగి, నాకు తగ్గట్టు మార్చిపెట్టండి. ఊరికే చేయించుకోను. ఆఫీసు సంగతులు ఆఫీసులోనే ఉంటాయి, వాటి గురించి మనం మాట్లాడుకోం."

"నాకు ఎవరి పెరడూ వేసిన అనుభవం లేదండీ."

"నా పెరడు వేశారుగా" అంది.

ఆ ఆదివారం, "నేనూ వస్తాను, బాగుండదు ఒక్కదానివే వెళ్తే" అన్నాడు మా ఆయన. "ఎవరికి బాగుండదు?" అని అడిగి, చెప్పులేసుకున్నాను. బస్సెక్కి వెళ్లాను. పొద్దున లేవగానే ఎటు చూస్తూ కాఫీ తాగుతారు, మోకాళ్లు ఎలా ఉన్నాయి, ఎవరెవరు వస్తుంటారు అని మేనేజరమ్మని అడిగాను. ఆవిడ మొదట మొహమాటపడి, తరవాత ఆపకుండా చెప్పింది. సాయంత్రాలు ఆవిడకి భయమని, తలుపు వేశానో లేదో అని పదిసార్లు లేస్తుందని చెప్పింది. బెంచీని తీగల చాటు నుంచి తెప్పించి, ఇంటి తలుపు, గేటు రెండూ కనపడేలా ఇటు తిప్పి వేయించాను. దారి వెడల్పు చేయించాను. గులకరాళ్లు తీయించేయబోతే, "ఉండనివ్వండి, చూసినప్పుడల్లా నవ్వొస్తుంది" అంది. పని నాలుగు ఆదివారాలు పట్టింది. చివరి రోజు ఆవిడ పక్కింటావిడ గోడ మీంచి చూసి, "మాది ఇంకా చిన్నదండీ, పది అడుగులే. ఏమైనా చేయొచ్చా?" అని నన్నే అడిగింది.

ఆ నెలంతా మా ఆయన చాలా మంచిగా ఉన్నాడు. కాఫీ తాగిన కప్పు తనే తీసుకెళ్లి సింకులో పెట్టాడు. కుర్చీ సంగతి ఇంకా తేలలేదు. ఒక పొద్దున నా ఎదురుగా కూర్చుని, గొంతు మెత్తగా చేసుకుని, "ఇదిగో, మన పెరడు కూడా వేసుకో. సిమెంటు కొట్టించేద్దాం. కారు వీధిలో పెట్టుకుంటాలే. నీ ఇష్టం వచ్చినట్టు గీసుకో" అన్నాడు.

ఆరేళ్ల కిందట అయితే ఆ మాటకి కాళ్ల మీద పడేదాన్నేమో. ఇప్పుడు ఆయన మొహం చూశాను, నరం వెతికినట్టు.

"ఎందుకు?" అన్నాను.

"ఎందుకేంటి? నీ సంతోషం కోసం." కప్పు అటూ ఇటూ తిప్పాడు. "వచ్చే నెల మేడమ్ కూడా ఒకసారి మనింటికి వస్తానంది. ఇలా సిమెంటు నేల చూస్తే ఏమనుకుంటుంది?"

నాకు కోపం రాలేదు. విచిత్రంగా మనసు నిమ్మళించింది. సొరుగులోంచి తెల్ల కాగితం, పెన్సిలూ తీసి ఆయన ముందు పెట్టాను. పెరడు హద్దులు నాలుగు గీతలు నేనే గీసిచ్చాను.

"ముందు మీరు గీయండి. మొక్కలొద్దు, దార్లొద్దు. ఈ పద్దెనిమిది అడుగుల్లో నేను ఎక్కడ కూర్చుంటానో, అదొక్కటి గుర్తు పెట్టండి."

"ఇదేం పరీక్ష?" అని నవ్వబోయాడు. నేను నవ్వలేదు. పెన్సిలు తీసుకున్నాడు. కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. కారు చూశాడు, కుండీలు చూశాడు. గేటు దగ్గర పెన్సిలు ఆనించబోయి ఆగాడు. గోడ దగ్గరికి తెచ్చి మళ్లీ ఆగాడు. వాళ్లమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సాయం చేస్తుందేమోనని ఆమె వైపు చూశాడు. ఆవిడ చూపు కాగితం మీదే ఉంది. చివరికి ఒక మూల, కుళాయి ఉన్న చోట, చిన్న చుక్క పెట్టి నా వైపు తోశాడు.

"ఇక్కడేగా నువ్వెప్పుడూ ఉండేది?"

"అది కూర్చునే చోటు కాదండీ. నేను వంగి బట్టలు ఉతికే చోటు."

నేను లేచి, ల్యాబుకి టైమవుతోందని బ్యాగు భుజానికి తగిలించుకున్నాను.

"సిమెంటు పగలగొట్టేవాళ్లని నేనే మాట్లాడాను, మేడమ్ రావడానికీ దీనికీ సంబంధం లేదు. రేపు పొద్దున ఎనిమిదికి వస్తారు. కారు తాళాలు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి, ఏడున్నరకల్లా తీసెయ్యండి."